ఆగిపోయే ఇంజన్‌తో ఆరేళ్లు

ఇది మా 163 సీసీ పెట్రోల్ పంపుసెట్టు సంగతి. రెండంగుళాల పైపు, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. మిగతా వివరాలు ఏ షాపులో అడిగినా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది అందులో ఉన్న ఒక్క ఏర్పాటు గురించి. ఆయిల్ తగ్గితే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. షాపువాళ్లు ఆయిల్ అలర్ట్ అంటారు. దాన్ని నేను మూడేళ్లు తిట్టాను, ఒక వేసవి పీకేశాను, ఇప్పుడు అది లేని ఇంజన్ ఊరికే ఇస్తానన్నా తీసుకోను.

2019 వేసవిలో కొన్నాం. నా ఉద్యోగం గుంటూరులో, పొలం దుగ్గిరాల వైపు. 80 సెంట్ల కంద, ఆ పక్కన కాస్త అరటి. ఆదివారాలు నేను, మిగతా రోజులు మా బావ చూసుకుంటాం. కాలువలు కట్టేశాకే కందకి నీళ్ల అవసరం మొదలవుతుంది. మా గట్టు దాకా కరెంటు లైను లేదు. మురుగు కాలువలో మాత్రం ఎప్పుడూ ఎన్నో కొన్ని నీళ్లుంటాయి. అందుకే పెట్రోల్ ఇంజన్.

కొన్న ఏడాదంతా కనబడినవాళ్లకల్లా “ఒక్క లాగుడుకే స్టార్ట్” అని చెప్పుకు తిరిగాను. ఆ మాట మీద ఇప్పుడు కొంచెం వెనక్కి తగ్గాలి, అది తర్వాత చెబుతాను.

అసలు గొడవ గట్టు మీద మొదలైంది. ఇంజన్ పెట్టి, పంపులో నీళ్లు పోసి, తాడు లాగితే చక్కగా అందుకునేది. పైపు ఉబ్బి, నీళ్లు మొదటి బోదె చివరికి చేరకముందే ఠక్కున ఆగేది. దగ్గడం లేదు, పొగ లేదు, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగేది. పెట్రోల్ ఉంది. చోక్ వేశాను, తీశాను, ఇరవై సార్లు లాగాను. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పురవ్వే రావడం లేదు. (విప్పిన ప్లగ్గుని ఆ రంధ్రం పక్కనే ఆనించి తాడు లాగేవాణ్ణి. లోపలి నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, రవ్వ పడితే మంటే. ఇన్నాళ్లు ఏమీ కాకపోవడం నా అదృష్టం.) అదే ఇంజన్‌ని మోసుకొచ్చి కళ్లంలో పెట్టి లాగితే బుద్ధిమంతుడిలా ఆడేది. “దీనికి మన గట్టంటే పడదురా” అనేవాడు బావ. అప్పుడప్పుడు కళ్లంలో కూడా ఆగేది. దానికి మాత్రం బావ దగ్గర కూడా జవాబు లేదు.

2022 ఏప్రిల్‌లో ఒక మెకానిక్ కుర్రాడికి చూపించాం. రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ఇంజన్ అడుగు నుంచి వచ్చే సన్నటి పసుపు వైరు పట్టుకుని, “ఇది సెన్సార్ వైరు బాబాయ్, ఊరికే ఆపేస్తా ఉంటది. అందరికీ పీకేస్తన్నాం” అన్నాడు. ఊడదీసి టేపు చుట్టాడు. 50 రూపాయలు తీసుకున్నాడు. ఆ రోజు గట్టు మీద రెండు గంటలు ఆగకుండా ఆడింది. ఆ కుర్రాడికి ఇంకో 50 ఇచ్చి టీ తాగమన్నాను.

మే నెలలో నాలుగో తడి. పొద్దున్నే ఎండ రాకముందే మొదలుపెట్టాం. నేను అరటి పాదులు సరిచేస్తున్నాను. ఇంజన్ మోతలో ఇంకో చప్పుడు కలిసింది, రేకు మీద గోరుతో కొట్టినట్టు టక్ టక్ టక్ అని. పైపు ఎక్కడో రాయికి తగులుతోందిలే అనుకున్నాను. ఆ చప్పుడుకి లేచి వెళ్లి ఆపి ఉంటే ఈ సమీక్ష సగంలో అయిపోయేది. పది నిమిషాలకి ఒక్క దెబ్బ, ఇనుప బకెట్ ఎండిన బావిలో పడ్డట్టు. ఆ తర్వాత కొంగలు అరిచేది కూడా వినబడింది. తాడు లాగితే అంగుళం కూడా రాలేదు. ఇంజన్ కింద గట్టు మట్టి మీద నల్లటి మరక, అంతే.

తెనాలిలో చిన్న ఇంజన్లు మాత్రమే చేసే ఒక భాయ్ ఉన్నాడు, అరవై దాటినాయన. విప్పి, రెండు ముక్కలైన కనెక్టింగ్ రాడ్డు, అదే పిస్టన్‌ని క్రాంకు ఇరుసుకి కలిపే కడ్డీ, నా అరచేతిలో పెట్టాడు. అంత పని చేసే వస్తువు అరిగిన సబ్బుబిళ్లంత తేలిగ్గా ఉంది. “ఈ ఇంజన్లలో ఆయిల్ కొట్టే పంపు ఉండదు సార్. ఇదిగో, ఇదే పంపు” అని విరిగిన ముక్క అడుగున గోరంత నాలుక చూపించాడు. రాడ్డు తిరిగినప్పుడల్లా ఆ నాలుక అడుగునున్న ఆయిల్‌ని గరిటెలా కొట్టి పైకి చిమ్ముతుంది. పూర్తి స్పీడులో నిమిషానికి 3600 చుట్లు, అంటే సెకనుకి 60 సార్లు. లోపల తడిసేవన్నీ ఆ చిమ్ముడుకే తడవాలి. ఇంజన్ వాలుగా ఉంటే ఆయిల్ ఒక పక్కకి పోతుంది, గరిటె గాల్లో తిరుగుతుంది. అల్యూమినియం రాడ్డు, ఇనుప క్రాంకు, మధ్యలో వేరే బేరింగ్ లేదు, ఉండేదల్లా ఆయిల్ పొరే. అది పోతే అల్యూమినియం కరిగి క్రాంకుకి అతుక్కుని పట్టేస్తుంది. 20 డిగ్రీలకి మించి వాలు పనికిరాదని కంపెనీ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం మా బీరువాలో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా భద్రంగా ఉంది.

నేను పీకించిన సెన్సార్ చేసేది కూడా చిన్న పనే. లోపల ఆయిల్‌లో ఒక బిళ్ల తేలుతూ ఉంటుంది. ఆయిల్ తగ్గినా, పక్కకి ఒరిగినా బిళ్ల కిందికి దిగుతుంది, ప్లగ్గుకి పోవాల్సిన కరెంటు ఇంజన్ బాడీలోకి పోతుంది, రవ్వ రాదు. మా గట్టు వాలు దానికి తెలిసింది, నాకు తెలియలేదు.

“మరి కళ్లంలో ఎందుకు ఆగింది భాయ్? అక్కడ చదునే కదా” అని అడిగాను.

“ఆయిల్ ఎట్టా చూస్తారో ఒకసారి చూపించండి” అన్నాడు, పక్కనున్న వేరే ఇంజన్ చూపించి. నేను ఆయిల్ మూత విప్పాను. దానికే గేజీ ఉంటుంది. బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి మర గట్టిగా తిప్పి, విప్పి చూపించాను. పై గీత దాకా తడి. “ఫుల్లుంది” అన్నాను. ఆయన గేజీ తీసుకుని తుడిచి, తిప్పకుండా ఊరికే లోపలికి దించి, రంధ్రం మూతి దగ్గర ఆనించి బయటికి తీశాడు. కింది గీత దగ్గర కాస్త తడి, అంతే. మర తిప్పితే గేజీ ఆ మర ఉన్నంత మేర ఎక్కువ లోతుకి దిగుతుంది, తగ్గిన ఆయిల్ కూడా నిండుగా కనబడుతుంది. మొత్తం పట్టేదే 600 మిల్లీలీటర్లు. అందులో పావు వంతు తగ్గినా మన పాలగ్లాసంత. మూడేళ్లు నేను అలాగే చూశాను. కళ్లంలో ఆగిన ప్రతిసారీ ఆయిల్ నిజంగానే తక్కువ ఉంది.

రాడ్డు, రింగులు, గాస్కెట్లు, క్రాంకు మీద అతుక్కున్నది తీసి నునుపు చేసినందుకు కూలీ, అన్నీ కలిపి 5,200 అయింది. రెండు వారాలు పక్క చేను వాళ్ల ఇంజన్ అద్దెకి తెచ్చుకున్నాం. మెరక మీద మూడు బోదెల కంద ఎండింది. భాయ్ పసుపు వైరు మళ్లీ తగిలించి, దాని మీద ఎర్ర టేపు చుట్టి, “దీన్ని ముట్టుకున్నోడిని నా దగ్గరికి పంపండి” అన్నాడు.

ఆ వేసవే గట్టు మీద 25 ఇటుకలు పరిచి, రసమట్టం పెట్టి చిన్న అరుగు కట్టించాను. 700 రూపాయలు కూడా కాలేదు. అప్పటి నుంచి గట్టు మీద ఇంజన్ రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ గేజీ తిప్పకుండా చూస్తే ఆయిల్ తక్కువే.

ఇక 2024 సెప్టెంబరు. ఒక పక్క పొంగిన బుడమేరు వాగు, ఇంకో పక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ. మా కందలోనూ నీళ్లు నిలిచాయి, అది వేరే ఏడుపు. విజయవాడ పాయకాపురంలో మా పెద్దనాన్న కూతురు ఉండే అపార్ట్‌మెంటు సెల్లార్ నిండా నీళ్లు. వీధిలో వరద తీశాక, “తమ్ముడూ, నీ ఇంజన్ ఒకసారి తెస్తావా, ఇక్కడ అద్దెకి దొరకట్లేదు” అని ఫోన్ చేసింది. ట్రాలీ ఆటోలో వేసుకుని వారధి మీదుగా వెళ్లాను.

అక్కడ కుర్రాళ్లకి తొందర. ఇంజన్ నీళ్లకి దగ్గరగా ఉంటే బాగా లాగుతుందని ర్యాంపు సగం దాకా దించారు. నేనూ వద్దనలేదు. స్టార్ట్ చేశాం. రెండు నిమిషాలకి ఆగింది. మళ్లీ లాగాం, మళ్లీ ఆగింది. “సెన్సార్ ఉంటే పీకెయ్యి అన్నా” అని ఒకడు వంగి వైర్లు వెతకబోయాడు. ఆ ఎర్ర టేపు చూసేసరికి నాకు తెనాలి గుర్తొచ్చింది. నలుగురం పట్టుకుని పైన రోడ్డు మీదికి, చదునుకి చేర్చాం. గొట్టం పొడవు చాలక ఇంకో ముక్క కలిపాం. నిజానికి ఇలాంటి పంపు నీటిమట్టం నుంచి ఏడు మీటర్ల ఎత్తు దాకా లాగగలదు. పదడుగుల సెల్లార్‌కి కిందికి దించాల్సిన పనే లేదు.

గొట్టం దించుతుంటే పక్క ఫ్లాట్ పెద్దాయన కిందికి చూసి, “పైకి తెచ్చారు, మంచి పని చేశారు. కింద మనుషులున్నారు” అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. నీళ్లు తగ్గిన మూల ముగ్గురు మోకాళ్ల లోతు బురదలో స్కూటర్లు బయటికి లాగుతున్నారు. ర్యాంపు మీద ఇంజన్ ఆడితే పొగంతా ఆ సెల్లార్‌లోకే దిగేది. పెట్రోల్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. తల నొప్పిగా ఉందనుకునే లోపలే కాళ్లు మాట వినవు. షట్టర్ ఎత్తి ఉంచాం కదా అన్నా సరిపోదు. సెన్సార్ మమ్మల్ని ఆపింది వాలు చూసి, పొగ సంగతి దానికి తెలియదు. అయినా ఆ రోజు ఆగకపోయి ఉంటే మేం ఇంజన్ కదిపేవాళ్లం కాదు.

తొమ్మిది గంటలు ఆడింది. పెట్రోల్ పోసే ముందు ప్రతిసారీ ఆపి పావుగంట చల్లారనిచ్చాను. “పోసెయ్ అన్నా” అని ఎంత గోల చేసినా వినలేదు. సైలెన్సర్ మీద చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికుంటే వాళ్లు పోయండి అన్నాను, ఎవరూ ముందుకి రాలేదు.

ఇప్పుడు మెచ్చుకోళ్ల మీద కోతలు. ఆ బురద నీళ్లకి పంపు సీలు పోయింది, షాఫ్టు దగ్గర చుక్క చుక్క కారేది. అది ఇంజన్ తప్పు కాదు, గొట్టం మొనకి చెత్త రాకుండా జాలీ సరిగా కట్టని నా తప్పు. ఒక్క లాగుడుకే స్టార్ట్ అన్న మాట కూడా ఇప్పుడు మూడు నాలుగు లాగుళ్లకి దిగింది. సీజన్ అయ్యాక కార్బురేటర్‌లో పెట్రోల్ అలాగే ఉంచేసేవాళ్లం. నెలల తరబడి నిలవుంటే అది జిగురు కట్టి సన్న రంధ్రాలు మూసేస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, దానికి గాలిలో తేమ లాక్కునే గుణం ఉంది. ఇప్పుడు ఆఖరి తడి రోజున పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా ఆడనిస్తున్నాం. కార్బురేటర్ అడుగు బోల్టు వదిలి మిగిలిన చుక్కలు కూడా వంచేస్తాం. కొంత మెరుగే. నా భుజం కూడా 2019 నాటి భుజం కాదు, అదీ లెక్కలో వేసుకోవాలి.

కొత్త ఇంజన్‌కి మొదటి ఆయిల్ 20 గంటలకే మార్చాలి, ఆ తర్వాత 100 గంటలకోసారి. నేను మొదటిది ఏడాదికి మార్చాను, మీరు అలా చేయొద్దు. గాలి ఫిల్టర్ స్పాంజి దుమ్ము రోజుల్లో వారానికోసారి సబ్బునీళ్లలో ఉతికి ఆరబెట్టి, కాస్త ఆయిల్ పట్టించి పిండి పెడతాం. పోయిన ఏడాది తాడు ఉండే రేకు కింద చిట్టెలుక గూడు కట్టింది, అరటి నార తెచ్చి మరీ. గాలి ఆడక ఇంజన్ కాలిపోయేంత వేడెక్కింది. అప్పటి నుంచి సీజన్ మొదట్లో ఆ రేకు విప్పి చూస్తాం, ముందు ప్లగ్గు క్యాప్ పీకేసి.

కొనొచ్చా అంటే, కరెంటు మోటారు పెట్టుకునే వీలున్నవాళ్లకి ఇది దండగ, పెట్రోల్ ఖర్చుకి కందలో మిగిలేది కందకే పోతుంది. ఏటిగట్టు, లంక భూములు, ఎక్కడికంటే అక్కడికి మోసుకెళ్లాల్సిన పని ఉన్నవాళ్లకి పనికొస్తుంది, ఇటుకల అరుగు కట్టించుకునే ఓపిక ఉంటే. మా చిన్న బావమరిది కూడా ఇదే కొంటానంటున్నాడు. అతనిది మా కంటే ఏటవాలు గట్టు. కొనే ముందు మాది తీసుకెళ్లి ఒక నెల వాడుకోమన్నాను. పసుపు వైరు జోలికి పోనని ఒట్టేస్తేనే ఇస్తానన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.