తడ వైపు ‘లోకల్ రైలు పక్కనే’ అంటూ అమ్ముతున్న ప్లాట్లు: కొనేవారికి హెచ్చరిక

పిల్లలు చెన్నైలో ఉద్యోగాలు చేస్తుండగా, తమిళనాడు సరిహద్దుకు ఇవతల తడ, సూళ్లూరుపేట ప్రాంతాల్లో ఇంటిస్థలం కొనాలని చూస్తున్న మన నెల్లూరువారు, అడ్వాన్సు ఇచ్చే ముందు దీనిని ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. నేను మూడు లక్షలు కట్టిన తరువాత తెలుసుకున్న సంగతులివి.

వెంచరు బ్రోచరులో మూడు మాటలున్నాయి: స్టేషనుకు ఐదు నిమిషాలు, చెన్నై సెంట్రలుకు అరగంటకొక లోకల్ రైలు, స్టేషను నుంచి వెంచరు దాకా ఉచిత మినీబస్సు. మా అబ్బాయి రోజూ సెంట్రల్ దాకా వెళ్లి రావలసినవాడు గనుక ఈ మూడింటినీ చూసే ఒప్పుకున్నాను. స్థలం చూపించడానికి ఆదివారం నాడు నెల్లూరులో మా ఇంటికే కారు పంపి, హైవే మీదుగా తీసుకువెళ్లి, భోజనం పెట్టి మళ్లీ దించారు. రైలు సంగతి గొప్పగా చెప్పినవారు మమ్మల్ని ఒక్కసారి కూడా రైలెక్కించలేదన్న అనుమానం ఆ రోజు నాకు రాకపోవడం నా పొరపాటే.

తరువాత ఒక మంగళవారం నేనే చెన్నై వెళ్లి, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు సెంట్రల్ పక్కనే లోకల్ రైళ్లు బయలుదేరే మూర్ మార్కెట్ కాంప్లెక్సులో నిలబడ్డాను. బోర్డు మీద వరుసగా గుమ్మిడిపూండి, గుమ్మిడిపూండి అనే కనిపించింది. ఈ మార్గంలో లోకల్ రైళ్లలో ఎక్కువ భాగం సెంట్రలుకు 48 కిలోమీటర్ల దూరంలోని గుమ్మిడిపూండిలోనే ఆగిపోతాయి. ఏలావూరు, ఆరంబాకం, తడ, అక్కంపేట దాటి 83 కిలోమీటర్ల దూరంలోని సూళ్లూరుపేట దాకా వచ్చేవి కొన్ని మాత్రమే. నేను గుమ్మిడిపూండిలో దిగి తరువాతి బండి కోసం గంటకు పైగా కూర్చున్నాను. ఈ ఎలక్ట్రిక్ లోకళ్లలో మరుగుదొడ్డి ఉండదన్న సంగతి కూడా, నా వయసువారు కొనేటప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. నెల్లూరు వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్సులున్నాయి కదా అంటారు గానీ, వాటిలో చాలామటుకు తడలో ఆగవు.

తడలో దిగేసరికి చీకటిపడింది. మినీబస్సు లేదు. ఏజెంటుకు ఫోను చేస్తే, అది కస్టమర్లు వచ్చే ఆదివారాల్లోనే తిరుగుతుందని, ఇళ్లు కట్టిన తరువాత ‘చూద్దామని’ చెప్పాడు. ఎక్కువ డబ్బు ఇస్తానంటే వచ్చిన ఆటోలో మీటరు చూసుకుంటే ఆరు కిలోమీటర్లు దాటింది. ఐదు నిమిషాలన్నది మ్యాపులో స్టేషనుకూ వెంచరుకూ మధ్య గీత గీసి కొలిచిన దూరమట. ఆ గీత మీద రైలుపట్టాలు, పొలాలు ఉన్నాయి గానీ రోడ్డు లేదు.

డబ్బు వెనక్కి అడిగితే, అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదని రసీదు వెనుక అచ్చువేసిన చిన్న అక్షరాలు చూపించారు. నిజానికి స్థలాలు, ఇళ్ల అమ్మకాలను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షను ప్రకారం, ప్రకటనలోని అబద్ధపు మాటను నమ్మి డబ్బు కట్టినవారు తప్పుకోదలిస్తే, కట్టిన మొత్తాన్ని వడ్డీతో సహా తిరిగి పొందవచ్చు. 13వ సెక్షను ప్రకారం, విక్రయ ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. నా స్థలం ధర పద్నాలుగు లక్షలు. వారు ఒప్పందమేమీ లేకుండా మూడు లక్షలు తీసుకున్నారు. బ్రోచరు మీద రెరా నమోదు సంఖ్య కూడా లేదని ఇంటికి వచ్చాక గమనించాను.

ఇంకొక చిన్న సంగతి. స్థలం కొలిచే అంకణమంటే మన నెల్లూరులో 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36 చదరపు అడుగుల లెక్క ఉంది. తడ, సూళ్లూరుపేట 2022 నుంచి తిరుపతి జిల్లాలోనివి గనుక, బేరమాడేటప్పుడు ధరను గజాల్లోనే చెప్పించుకుని కాగితం మీద రాయించుకోండి.

బ్రోచరును, రసీదును, ఆ రోజు రైలు టికెట్టును జతచేసి వెంచరువారికి రిజిస్టర్డు పోస్టులో నోటీసు పంపాను. జవాబు రాకపోతే ఆ చట్టం కింద ఏర్పాటైన రెరా సంస్థకు ఫిర్యాదు చేస్తాను. మీలో ఎవరినైనా ఆదివారం కారు పంపిస్తామని పిలిస్తే, ఆ కారు వద్దని చెప్పి, పనిరోజు సాయంత్రం ఆరు గంటలకు మూర్ మార్కెట్ నుంచి టికెట్టు కొనుక్కుని ఆ స్థలం దాకా మీరే వెళ్లి చూడండి.