పన్నా, నల్ల ముద్రా? పిల్లల ఊబకాయానికి ఏది మేలు

చిత్తూరులో చక్కెర పన్ను మాటెత్తితే తోతాపురి మామిడి దగ్గరికి రాక తప్పదు. ఆ మామిడి గుజ్జు పోయేది తీపి పానీయాల్లోకే మరి.

తీపి పానీయాలపై 2014లో మెక్సికో లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. 2018లో బ్రిటన్ మరింత తెలివిగా ఆలోచించింది. వంద మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు తక్కువైతే పన్ను లేదు, 8 గ్రాములకు చేరితే పెద్ద పన్ను. అది అమలులోకి రాకముందే చాలా కంపెనీలు చక్కెర తగ్గించుకున్నాయి. మన దగ్గర 2025 సెప్టెంబరు నుంచి కూల్‌డ్రింకులపై 40 శాతం జీఎస్టీ. చక్కెర పది గ్రాములున్నా, అసలే లేకున్నా అంతే. అలాంటప్పుడు తగ్గించే శ్రమ ఎవరు పడతారు? గ్యాసు లేని పండ్ల పానీయాలకైతే పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ వేసవిలో కిలోకు 4 రూపాయల ప్రభుత్వ సాయంతో గట్టెక్కిన తోతాపురి రైతుకు ఇది మంచి కబురే. కానీ మామిడి పానీయంలోనూ పిల్లల కడుపులోకి పోయేది చక్కెరే.

చిలీ 2016లో వేరే దారి పట్టింది. చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరితే ప్యాకెట్టుపై నల్లని అష్టభుజి ముద్ర వేయాలి. ముద్ర పడినవాటిపై పిల్లల్ని మురిపించే బొమ్మలుండకూడదు, బడిలో అమ్మకూడదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఇతర దేశాలు అభ్యంతరం చెప్పినా చిలీ తగ్గలేదు. తర్వాత పెరూ, ఉరుగ్వే, మెక్సికో అదే బాట పట్టాయి. ఒక్క దేశాన్ని బెదిరించడం తేలిక, నాలుగు కలిస్తే కష్టం. మన శ్రీసిటీ పారిశ్రామికవాడలో చాక్లెట్లు, కూల్‌డ్రింకులు చేసే బహుళజాతి కంపెనీలు ఆ దేశాల్లో ఈ ముద్రతోనే అమ్ముతున్నాయి. మనకేమో ఆహార భద్రతా సంస్థ 2022 ముసాయిదాలో ప్యాకెట్టుపై పోషక విలువను బట్టి వేసే నక్షత్రాలు ప్రతిపాదించింది. బిస్కెట్టుకు ఒకటిన్నర నక్షత్రం ఇచ్చినా పిల్లలకది బహుమతిలాగే కనిపిస్తుంది!

బడి గేటుకు 50 మీటర్ల లోపు చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన తిండి అమ్మకూడదని మన దగ్గర 2020లోనే నిబంధన వచ్చింది. తిరుపతి వీధుల్లో 50 మీటర్లంటే నాలుగు అంగళ్లు. పైగా ఏది మితిమీరిందో ప్యాకెట్టే చెప్పకపోతే తనిఖీకి వచ్చిన అధికారి దేన్ని పట్టుకుంటాడు?

అందుకే నా ఓటు ముందుగా నల్ల ముద్రకు. పన్ను తర్వాత రావాలి, అదీ బ్రిటన్‌లా గ్రాముల లెక్కన. ఇప్పుడు పండ్ల పానీయం అనిపించుకోవడానికి 10 శాతం రసముంటే చాలు. గుజ్జు పెంచి చక్కెర తగ్గించిన పానీయానికే ఆ 5 శాతం పన్ను పరిమితం చేస్తే తోతాపురికి గిరాకీ తగ్గదు, పెరుగుతుంది.