నెలలైనా తగ్గని పాదం నొప్పి: పుత్తూరు కట్టా, అలిపిరి రోడ్డా, వేలూరా?

తిరుపతిలో ఎవరికైనా పాదం నొప్పి వదలడం లేదని తెలిస్తే చాలు, సగం మంది ‘పుత్తూరుకు పోయి (నాటు పద్ధతిలో ఎముకలకు కట్టు కట్టే ఊరు) కట్టు కట్టించుకో’ అంటారు. మిగతా సగం ‘ఇక్కడ తిరిగి ప్రయోజనం లేదు, నేరుగా వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పో’ అంటారు. అలిపిరి రోడ్డు వైపు రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు మూడూ దగ్గర దగ్గరగానే ఉన్న సంగతి మాత్రం చాలామందికి ఆ క్షణంలో గుర్తు రాదు. ఇవి కాక మెడికల్ షాపులో జెల్ ట్యూబు, క్రేప్ బ్యాండేజీ, నొప్పి మాత్రలు కొనుక్కునే దారి ఎలాగూ ఉంది. నాకు తెలిసినవాళ్లలో ఎక్కువ మంది నెలలు గడిపేసింది ఆ దారిలోనే.

నిన్నో మొన్నో కాలు మడతపడిన వాళ్ల గురించి కాదు నేను చెప్పేది. మామూలు బెణుకు రెండు మూడు వారాల్లో బాగా తేలికపడాలి. ఆరు వారాలు దాటాక కూడా అడుగు మోపితే అదే చోట కలుక్కుమంటోందంటే, అది మొదటినుంచీ బెణుకు కాకపోయి ఉండొచ్చు. పాదంలో 26 ఎముకలున్నాయి. వాటి మధ్య కీళ్లు, ఎముకను ఎముకతో కలిపే లిగమెంట్లు, కండరాన్ని ఎముకతో కలిపే, చీలమండ పక్కగా దిగే టెండన్లు ఉన్నాయి. వీటిలో దేనికి ఏమైనా మనిషి చెప్పేది ‘కాలు నొప్పి’ అనే. కాబట్టి ఎక్కడ చికిత్స మేలు అనేది రెండో ప్రశ్న. ఆ నొప్పి దేనివల్లో ఎవరు తేల్చగలరు అనేది మొదటిది. కింద చెప్పేవన్నీ ఆ తూకంతోనే చూశాను.

పుత్తూరు కట్టు సంగతి

పుత్తూరు కట్టును ఒక్క మాటతో తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. తరాల తరబడి తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి జనం ఊరికే రారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, అంతే సరంజామా. ఎముక తన పాటికి తాను అతుక్కుంటుంది. దానికి కావాల్సింది విరిగిన చివరలు ఎదురెదురుగా ఉండటం, కదలకుండా ఉండటం. వెదురు బద్దలు ఆ కదలకుండా ఉంచే పని చేస్తాయి. పిల్లవాడి ముంజేతి ఎముక పక్కకు జరగకుండా చిట్లినప్పుడు ఈ కట్టుతో నయమైందంటే అందులో మాయా లేదు, మోసమూ లేదు.

నెలల నాటి పాదం నొప్పికి మాత్రం నేను ఆ దారి చెప్పను. లిగమెంటు తెగి కీలు జరిగి ఉంటే పైనుంచి కట్టిన కట్టు దాన్ని స్థానంలోకి తేలేదు. చిటికెన వేలి ఎముక మొదట్లో ఒక చోట రక్తప్రసరణ తక్కువ. అక్కడ విరిగితే (జోన్స్ ఫ్రాక్చర్ అంటారు) పిండికట్టు వేసినా ఒక్కోసారి అతుక్కోదు, స్క్రూ వేయాల్సి వస్తుంది. ఇలాంటివాటిలో కట్టు వల్ల జరిగే పెద్ద నష్టం కాలహరణం. లోపల ఏముందో తెలియకుండానే ఇంకో నెలన్నర గడిచిపోతుంది.

పైగా బోర్డు ఒకటి, చెయ్యి ఒకటి. చెన్నై దాకా ఎక్కడ చూసినా ‘పుత్తూరు కట్టు’ బోర్డులే, లోపల కూర్చున్నాయన ఎక్కడ నేర్చుకున్నాడో మనకు తెలియదు. ఎవరు కట్టినా సరే, పుత్తూరు కట్టయినా ఆసుపత్రి పిండికట్టయినా, వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, మాత్రలకు లొంగకుండా నొప్పి పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే విప్పించాలి. బిగిసిన కట్టు కింద రక్తం ఆడక కాలు కుళ్లిన కేసులు ఎముకల డాక్టర్లకు కొత్త కాదు.

ఎక్స్‌రేనా, ఎమ్మారైనా?

మా పెద్దమ్మ కొడుకు బస్టాండు దగ్గర ఒక హోటల్లో సప్లయర్. వంటగది గడప దగ్గర తడి మీద జారినప్పుడు పాదం ముందుభాగం మడతపడి, ఒంటి బరువంతా దాని మీద పడింది. ఆ రోజే ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ‘ఫ్రాక్చర్ లేదు, బెణుకే’ అన్నారు. మూడు నెలలైనా మెట్లు దిగలేడు, మునివేళ్ల మీద లేవలేడు. ఇంకో ఆర్థో డాక్టర్‌కు చూపించాం. ఆయన పాత ఫిల్ము చూసి పక్కన పెట్టి, బొటనవేలితో మీగాలి మీద కొంచెం కొంచెం జరుపుతూ నొక్కుకుంటూ పోయారు. బొటనవేలి ఎముకా దాని పక్క వేలి ఎముకా మొదళ్లలో కలిసే చోటికి రాగానే మావాడు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. ‘దెబ్బ తగిలినప్పుడు అరికాల్లో కమిలిందా?’ అని అడిగారు. వదిన ఫోను తీసి, అప్పట్లో వాళ్లమ్మకు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూపించింది. అరికాలి నడిమధ్యలో వంకాయరంగు మచ్చ.

తర్వాత రెండు పాదాల మీదా నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. పడుకోబెట్టి తీసినప్పుడు కనబడని సందు, ఒంటి బరువు పడేసరికి ఆ రెండు ఎముకల మధ్య తెరుచుకుంది. బాగున్న పాదం పక్కనే ఉంది కాబట్టి తేడా మాకు కూడా కనబడింది. దీన్ని లిస్‌ఫ్రాంక్ గాయం అంటారు, నెపోలియన్ కాలపు ఫ్రెంచి సర్జన్ పేరు మీద. మొదట్లో బెణుకుగా పొరబడే పాదం గాయాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. అరికాల్లో కమిలిన మచ్చ దీనికి పెద్ద ఆనవాలు. ఆలస్యమైంది కాబట్టి మావాడికి ఆ కీళ్లను స్క్రూలతో కలిపేసే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నడుస్తాడు, బండి తోలుతాడు. రోజంతా నిలబడే పని మాత్రం మానుకుని క్యాష్ కౌంటర్‌లో కూర్చుంటున్నాడు.

అందుకే ఎక్స్‌రేనా, ఎమ్మారైనా అన్న వాదనలో నా ఓటు ముందు డాక్టర్ బొటనవేలికి, తర్వాత నిలబడి తీసే ఎక్స్‌రేకు. ఆ రెండూ కాకుండా నేరుగా ఎమ్మారై తీయించుకుంటే వేలల్లో ఖర్చు, పైగా రిపోర్టు నిండా నొప్పితో సంబంధం లేని నాలుగు విషయాలు వచ్చి టెన్షన్ పెంచుతాయి. అలాగని ‘ఎక్స్‌రే నార్మల్’ అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. పరుగు వల్లో, ఎక్కువసేపు నిలబడే పని వల్లో వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదట్లో ఎక్స్‌రేకు దొరకదు. రెండు మూడు వారాలయ్యాక ఎముక మానుతున్న గుర్తు కనిపిస్తేనే తెలుస్తుంది. మీగాలి పైభాగంలో ఉండే నావిక్యులర్ ఎముకకైతే అప్పటికీ కనబడకపోవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఎమ్మారై గానీ సీటీ గానీ కావాలి. తేలాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ కాలి మీద బరువే మోపకూడదు. చీలమండ బెణికి నెలలైనా లోపల ఏదో పట్టేసినట్టుంటే కీలు లోపలి మృదులాస్థి దెబ్బతిని ఉండొచ్చు, అక్కడా ఎమ్మారైదే పైచేయి. విరిగిన గీత అతుక్కుందా లేదా అన్నది సీటీలో తేటగా తెలుస్తుంది. టెండన్లకు, మడమ కింది పొరకు అల్ట్రాసౌండ్ చవక, కానీ తీసే మనిషి చేతి అనుభవం మీద ఆధారపడుతుంది.

మడమ వెనకాల ఎవరో తన్నినట్టు చప్పుడై అప్పటినుంచి కాలు పట్టు తప్పిందంటే దేనికీ ఆగొద్దు. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే పాదం కిందికి వంగాలి. వంగలేదంటే అకిలిస్ టెండన్ తెగినట్టే అనుకుని ఆ వారంలోనే సర్జన్‌ను కలవాలి.

ఊళ్లోనా, బయటా?

ప్రైవేటు క్లినిక్‌లో సాయంత్రం పోతే గంటలో పని అయిపోతుంది. మామూలు దెబ్బకు అది చాలు. కానీ ఆ గంటలో డాక్టర్ మన కాలు పట్టుకునేది ఎంతసేపన్నదే ప్రశ్న. చెప్పులు, సాక్సులు విప్పించకుండా, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడకుండా మందులు రాస్తే, నెలల నాటి నొప్పికి ఆ డాక్టర్ దగ్గరికి రెండోసారి పోను.

రుయా ఎస్వీ మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి. జనం, లైను తప్పవు. వెళ్లిన ప్రతిసారీ వేరే డాక్టర్ చూస్తే కథ మొదటినుంచీ చెప్పుకోవాలి. అయినా పీజీ డాక్టర్ చూసి ప్రొఫెసర్‌కు చూపించే పద్ధతిలో ఒక లాభం ఉంది, ఒకరు వదిలేసింది ఇంకొకరు పట్టుకుంటారు. ఖర్చు భరించలేని వాళ్లకు నేను చెప్పేది ఇదే. కాకపోతే పాత చీటీలు, ఫిల్ములు అన్నీ తేదీల వరుసలో ఒక కవరులో పెట్టుకుని పోవాలి.

బర్డ్ టీటీడీ ఆసుపత్రి. పోలియోతో వంగిన కాళ్లకు ఆపరేషన్లు చేసి పేరు తెచ్చుకుంది, ఎముకలు, కీళ్లే దాని ప్రధానమైన పని. పాదం ఆకారం మారినా, పాత ఆపరేషన్ తేడా కొట్టినా, ప్రత్యేకమైన చెప్పో క్యాలిపరో కావాల్సి వచ్చినా నా మొగ్గు అటే. పాదం ఒక్కటే కాకుండా షుగరు, నరాల తిమ్మిరి, కిడ్నీ సమస్య కలిసి ఉంటే ఆ విభాగాలన్నీ ఉన్న స్విమ్స్ కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక వేలూరు సీఎంసీ. చిత్తూరు వాళ్లకు అది పక్క ఊరే, గంటకు అటూ ఇటూ ప్రయాణం. వాళ్లు తిరుపతి రావడం కంటే అటు పోవడమే సుఖం. తిరుపతి నుంచి మాత్రం వంద కిలోమీటర్లకు పైమాటే. ఒకరోజు పోయి వచ్చేద్దాం అనుకుంటే కుదరదు. పరీక్షలకో రోజు, రిపోర్టు చూపించడానికో రోజు, లాడ్జి, తోడొచ్చిన మనిషి సెలవు, అన్నీ లెక్కేసుకోవాలి. ట్రామా సెంటర్ ఉన్న కొత్త క్యాంపస్ రాణిపేటలో ఉంది కాబట్టి అపాయింట్‌మెంట్ ఏ క్యాంపస్‌కో చూసుకుని బస్సెక్కాలి. ఇక్కడ నిలబడి తీసిన ఎక్స్‌రే, ఎమ్మారై అయిపోయి, ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పినప్పుడో, ఆపరేషన్ అన్నప్పుడో వేలూరు పోవడం దండగ కాదు. ఏ పరీక్షా లేకుండా మొదటి మెట్టుగా అక్కడికి పరిగెత్తడమే నాకు నచ్చని పని.

చెన్నై గురించి ఎక్కువ చెప్పను. అక్కడ పాదం, చీలమండ మాత్రమే చూసే సర్జన్లు దొరుకుతారు, బిల్లు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

సూదా, వ్యాయామమా?

పొద్దున మంచం దిగగానే మడమ కింద మేకు గుచ్చుకున్నట్టుండి, నాలుగడుగులు వేశాక సర్దుకునే నొప్పి చాలావరకు ప్లాంటార్ ఫేసియైటిస్, అంటే మడమ నుంచి అరికాలి పొడవునా ఉండే పొర దెబ్బతినడం. స్టెరాయిడ్ సూదితో వారంలో హాయిగా ఉంటుంది, పెళ్లి పనులు ముందున్నవాళ్లకు ఆశ పుట్టడం సహజం. ఆ హాయి ఎక్కువగా కొన్ని వారాలదే. మళ్లీ మళ్లీ వేయించుకుంటే మడమ కింది కొవ్వు మెత్త కరిగిపోవచ్చు, ఆ పొరే తెగొచ్చు. పిక్కనూ అరికాలినీ సాగదీసే వ్యాయామం, మెత్తటి అడుగున్న చెప్పులు, బరువు తగ్గడం నిదానంగా పనిచేస్తాయి. చాలామందికి ఏడాది లోపల ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. నేనైతే వ్యాయామాన్నే ఎంచుకుంటాను, ఇంట్లో కూడా చెప్పులు వేసుకుంటాను. మన ఇళ్లలో ఈ రెండో మాటకే పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఇంట్లోకి వేరుగా ఒక జత కొని పెడితే సగం గొడవ తగ్గుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ పోలికలేవీ వర్తించవు. పాదం వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే వేడిగా ఉండి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అది షార్కో పాదం (స్పర్శ తగ్గిన పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు) కావొచ్చు. ఇన్‌ఫెక్షన్ అనో, యూరిక్ యాసిడ్ అనో పొరబడుతుంటారు. మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. నొప్పి లేదు కదా అని నడుస్తూ పోతే లోపల ఎముకలు నలిగి పాదం వంపు కూలిపోతుంది. ఆ అనుమానం రాగానే నడక ఆపాలి, ఆ రోజే చూపించాలి. ఈ విషయంలో వేలూరు అనుభవం పాతది. కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలను కాపాడటం మీద డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల నుంచి అక్కడ పనిచేశారు. ఇప్పుడు షుగర్ రోగులకు రాసే మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు మొదట అలాంటి పాదాల కోసమే వాడుకలోకి వచ్చాయి. తిమ్మిరి కాళ్ల మీద పసరు కట్టు, వేడి కాపడం రెండూ వద్దు. కాలినా తెలియదు.

మన ఊళ్లో చికిత్స సగంలో ఉండగానే వచ్చే ప్రశ్న ఇంకోటుంది: నడిచి కొండెక్కే మొక్కు ఎప్పుడు తీర్చుకోవచ్చు, ఏ దారి మేలు? శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, దూరం తక్కువే గానీ నిట్టనిలువు, పాదం ముందుభాగం మీదా పిక్క మీదా భారం ఎక్కువ. అలిపిరి దారి 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు, తర్వాత చాలా దూరం చదును, చివర్లో మోకాళ్ల మెట్టు. మడమ నొప్పి తగ్గి కోలుకుంటున్నవాళ్లకు నేను అలిపిరే చెబుతాను, మధ్యలో ఆగి కూర్చునే చోట్లు ఎక్కువ. ఎముక విరిగి అతుక్కున్నవాళ్లు మాత్రం ఒంటికాలి మీద నొప్పి లేకుండా గెంతగలిగేదాకా, డాక్టర్ సరేననేదాకా ఏ దారీ పెట్టుకోవద్దు. ఎక్కినా దిగేటప్పుడు బస్సే.