మాడ్రిడ్‌లో 94 యూరోల బిల్లు, సెవిల్‌లో సుద్దముక్క లెక్క

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ప్లాసా మయోర్ అనే పాత చౌరస్తా చాలా అందంగా ఉంటుంది. తనివితీరా చూడండి, ఫోటోలు తీసుకోండి, ఆ చుట్టుపక్కల మాత్రం తినకండి. ముఖ్యంగా, ప్లేట్ల ఫోటోలు అచ్చేసిన మెనూ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి "హలో ఫ్రెండ్, ఇండియా?" అని పిలిచేవాడి దగ్గర అస్సలు కూర్చోకండి. అలాంటి ఒకచోట మా నలుగురికీ వేసిన బిల్లు 94.60 యూరోలు. మన లెక్కలో దగ్గర దగ్గర తొమ్మిదిన్నర వేలు. పోనీ కడుపు నిండిందా అంటే అదీ లేదు.

నలుగురంటే నేను, మా ఆవిడ, డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మా వదినగారు, మా తోడల్లుడు. వదినగారు కోడిగుడ్డు వరకూ తింటారు, మాంసం, చేప ముట్టరు. తోడల్లుణ్ణి నేను అన్నయ్యా అంటాను. ఆయనకి ఏది కొన్నా రూపాయల్లోకి మార్చి పైకి చెప్పే అలవాటు ఉంది. ఆ పూట ఆ అలవాటు మాకెవ్వరికీ నచ్చలేదు.

బిల్లు వివరంగా చెప్తాను, రేపు మీకు పనికొస్తుంది. పళ్ళ ముక్కలు కలిపిన వైన్, సాంగ్రియా, జగ్గు 24. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద ఎర్ర సాస్ పోసిచ్చే పతాతాస్ బ్రవాస్ 14. అదే ప్లేటు రెండు వీధులవతల ఆరు యూరోలకి తిన్నాం. రొయ్యలు 32. మెనూలో వాటి ఎదురుగా ధర ఉండాల్సిన చోట, మార్కెట్ రేటు అని అర్థం వచ్చే రెండు పొడి అక్షరాలు మాత్రం ఉన్నాయి. ఎంతని అడిగితే "డోంట్ వర్రీ, వెరీ ఫ్రెష్" అన్నాడు. ఎనిమిది రొయ్యలొచ్చాయి. అవి ఫ్రెష్షే, కాదనను. రొట్టె మనిషికి 2.50 చొప్పున 10. ఆలివ్ కాయల గిన్నె 6, అది మేం అడగలేదు, నవ్వుతూ తెచ్చి పెట్టాడు. వీటన్నిటి మీద, బయట గొడుగు కింద కూర్చున్నందుకు ఇంకో 10 శాతం.

నేను గొంతు పెంచబోతుంటే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపి, చాలా మర్యాదగా "ఓహా దె రెక్లమసియోనెస్, పోర్ ఫవోర్" అన్నారు. స్పెయిన్‌లో హోటలైనా, బారైనా కస్టమర్ అడిగితే ఇచ్చి తీరాల్సిన అధికారిక ఫిర్యాదు పత్రం అది. ఒక కాపీ మనకి, ఒకటి వాళ్ళకి, ఒకటి ప్రభుత్వానికి. ఆ మాట వినగానే అప్పటిదాకా కనబడని మేనేజరు లోపల్నుంచి వచ్చేశాడు. రొట్టె, ఆలివ్‌లు, వాటి మీద వేసిన శాతం తీసేసి 77 యూరోలకి కొత్త బిల్లు ఇచ్చాడు. బయట కూర్చుంటే ఎక్కువ తీసుకుంటామని ముందే రాసి పెడితే తీసుకోవచ్చు. రాసే ఉంది, స్తంభం వెనకాల. రొయ్యల 32 మాత్రం కదల్లేదు. "పోనీలెండి, వదిలేద్దాం" అంది మా ఆవిడ. వదినగారు వదల్లేదు. బంగాళాదుంపలకి 14 యూరోలా అని హోటల్ దాకా అంటూనే ఉన్నారు.

అన్నట్టు, నీళ్ళ సీసా కూడా కొనక్కర్లేదు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం హోటళ్ళూ బార్లూ కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. "అగ్వా దెల్ గ్రిఫో" అంటే చాలు, గ్లాసుల్లో తెచ్చిస్తారు.

అదే రోజు రాత్రి ఎచెగరాయ్ వీధిలో ఉన్న లా వెనెన్సియా అనే బారుకి వెళ్ళాం. పొద్దున్న తగిలిన దెబ్బకి ఎవరికీ మూడ్ లేదు, నేనే బలవంతం చేశాను. అక్కడ షెర్రీ తప్ప ఇంకేమీ పొయ్యరు. బీరు లేదు, వెర్ముత్ (మూలికల వైన్) లేదు, కోక్ కూడా లేదు. దక్షిణాన హెరెస్ ప్రాంతం నుంచి వచ్చే ఈ వైన్‌లో పల్చగా, కటిక పొడిగా ఉండే ఫినో, మంజనీయా దగ్గర్నుంచి ముదురు రంగు ఒలోరోసో దాకా రకాలున్నాయి. గోడలు పొగచూరిన రంగు, కౌంటర్ వెనక పాత పీపాలు, నల్లబడ్డ సీసాలు. ఫోటోలు తియ్యకూడదు, టిప్పు పుచ్చుకోరు. 1936లో మొదలైన స్పెయిన్ అంతర్యుద్ధం రోజుల్లో, ఎన్నికైన ప్రభుత్వం తరఫున పోరాడిన రిపబ్లికన్లు ఇక్కడ చేరేవారట, గూఢచారుల భయంతో ఫోటోలు వద్దన్నారట, ఆ నియమం అలా నిలిచిపోయిందని చెప్తారు. మా ఆవిడ ఫోన్ బ్యాగులో పెట్టడానికి కాస్త బాధపడింది గానీ పెట్టేసింది.

ఇక్కడ చూసిందే నాకు ఈ ప్రయాణం మొత్తంలో బాగా నచ్చింది. గ్లాసు పోసిన ప్రతిసారీ కౌంటర్ వెనకాయన చెవి దగ్గర్నుంచి సుద్దముక్క తీసి, మా ఎదురుగానే చెక్క మీద అంకె రాస్తాడు. మూడు గ్లాసులు, ఒక జున్ను ప్లేటు, ఆలివ్‌లు ఊరికే. మొత్తం 13 యూరోలు. వదినగారికి అడగకుండానే నీళ్ళు పెట్టాడు, వాటికి అంకె వెయ్యలేదు. డబ్బిచ్చాక తడిగుడ్డతో తుడిచేశాడు. అన్నయ్య చిల్లర వదిలేసి రాబోతే పిలిచి మరీ చేతిలో పెట్టాడు.

బస గురించి రెండు ముక్కలు. మేం ఉన్నది హుయెర్తాస్ పేటలో ఓ ఓస్తల్. ఓస్తల్ అంటే డార్మిటరీ కాదు, కుటుంబాలు నడిపే చిన్న లాడ్జి. గది రాత్రికి 82 యూరోలు, శుభ్రంగా ఉంది, బాల్కనీ ఉంది. ఆ బాల్కనీయే కొంప ముంచింది. కింద వీధిలో రాత్రి రెండున్నర దాకా పాటలు, నవ్వులు, మూడింటికి సీసాలు పారబోసే లారీ. పెద్దావిడతో మొరపెట్టుకుంటే భుజాలెగరేసి "శనివారం కదా" అంది. మర్నాడు పొద్దున్న అడిగి, లోపలి నూతి లాంటి ఖాళీ వైపు కిటికీ ఉన్న గదికి మారాం. రాత్రికి పది యూరోలు తక్కువ కూడా. గది బుక్ చేసేటప్పుడు "ఇంతెరియోర్" అని రాసి ఉన్నదే తీసుకోండి. వ్యూ ఉండదు, నిద్ర ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం వెర్ముత్ వేళ. మాడ్రిడ్ వెళ్ళి దీన్ని మాత్రం వదులుకోకండి. పొద్దున్న ఎల్ రాస్త్రో సంత తిరిగి (పర్సు ముందు జేబులో పెట్టుకోండి), పన్నెండున్నర ఒంటిగంటకి పక్కనే ఉన్న లా లతీనా పేటకి, కావా బహా వీధికి వచ్చేస్తారు జనం. తాతలు, అమ్మమ్మలు, తోపుడు బండ్లలో పసిపిల్లలు, అందరూ అక్కడే. బార్లో చోటు చాలక గ్లాసులతో వీధిలోకి వచ్చేస్తారు. ఇది తాగుబోతుల గుంపు కాదు, భోజనానికి ముందు ఒక గంట కబుర్లు. ఇక్కడ భోజనం రెండున్నరకి, మూడుకి.

వెర్ముత్ అంటే మాచిపత్రి జాతి చేదు మొక్కతో పాటు ఇంకొన్ని మూలికలు, బెరళ్ళు, నారింజ తొక్కలు నానబెట్టి, తీపి కలిపిన వైన్. ఆల్కహాల్ మామూలుగా 15 శాతం, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. ఎర్ర వెర్ముత్ కూడా మామూలుగా తెల్ల వైన్‌తోనే చేస్తారు, రంగు చాలావరకు మాడ్చిన చక్కెరది. కటలోనియాలో రెయుస్ అనే ఊరు దీనికి పేరుపడింది. ఇసగిర్రె కంపెనీ 1884లో అక్కడే మొదలైంది. మాడ్రిడ్ పాత బార్లలో సీసా తియ్యరు, పీపాకి బిగించిన కుళాయి తిప్పుతారు. ఐసు, నారింజ చెక్క, ఒక ఆలివ్, కావాలంటే సోడా. గ్లాసు 2.80కి తాగాం, 3.50కీ తాగాం, తేడా ఏమీ తెలియలేదు. మొదటి గుక్క దగ్గుమందులా ఉందని మా ఆవిడ మొహం చిట్లించింది. రెండో గ్లాసు ఆవిడే అడిగింది. తాగనివాళ్ళకి మోస్తో అడగండి, పులియబెట్టని ద్రాక్షరసం. దాన్నీ అదే గ్లాసులో, అదే నారింజ చెక్కతో ఇస్తారు కాబట్టి వదినగారికి వేరుగా ఉన్నట్టు అనిపించలేదు.

వదినగారి తిండి దగ్గర మాత్రం ఒక గొడవ జరిగింది. పేరు చెప్పను గానీ, అక్కడొక బార్లో క్రొకెతాలు (నూనెలో వేయించిన మెత్తటి ఉండలు) మాంసం లేనివి కావాలంటే సరేనన్నారు. కొరికాక లోపల సన్నగా తరిగిన హమోన్, అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం. పిలిచి చూపిస్తే ఆ అమ్మాయి నిజాయితీగా ఆశ్చర్యపోయింది: "మాంసం కాదు, కొంచెం హమోనే." చాలామందికి అక్కడ మాంసం అంటే విడిగా వండిన మాంసం ముక్క. హమోన్, ట్యూనా చేప ఆ లెక్కలోకి రావు. వదినగారు బయటికెళ్ళి నోరు పుక్కిలించుకుని, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పండి: "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్" (మాంసం, చేప, హమోన్ లేకుండా). సల్మొరెహో అనే చల్లటి టమాటా చిక్కని సూప్ అడిగినా పైన హమోన్ తురుము చల్లి తెస్తారు, ముందే వద్దనాలి. నిశ్చింతగా తినగలిగేవి: టమాటా రుద్దిన రొట్టె, పాద్రోన్ పచ్చిమిరపకాయలు, గుడ్డు తింటే తోర్తీయా అనే మందపాటి గుడ్డట్టు.

ఆ తోర్తీయా వల్లే రాత్రికి ఇంట్లో శాంతి వచ్చింది. మలసాన్యా పేటలో బొదేగా దె లా ఆర్దోసా అనే బారు, 1892 నాటిది. గోడల మీద స్పెయిన్ చిత్రకారుడు గోయా చెక్కిన బొమ్మల అచ్చులు, వెనక గదికి వెళ్ళాలంటే కౌంటర్ కింద నుంచి వంగి దూరాలి. అన్నయ్య ఆరడుగుల మనిషి, తల కొట్టుకున్నారు. అప్పుడు నవ్వారు వదినగారు. బంగాళాదుంపల తోర్తీయా ఇక్కడ లోపల కాస్త జారుగా ఉంటుంది. ముక్క మాకు నాలుగు యూరోల పైచిలుకు పడింది. అందులో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అని స్పెయిన్ వాళ్ళు నిజంగానే పోట్లాడుకుంటారు. వెయ్యాలనేదే నా ఓటు.

చేప తినేవాళ్ళు మాడ్రిడ్ నడిబొడ్డున పుయెర్తా దెల్ సోల్ చౌరస్తా పక్కన కాసా లాబ్రా అనే బారుకి వెళ్ళండి. 1860లో పెట్టారు. ఇప్పుడు అధికారంలోకి వస్తూ పోతూ ఉన్న సోషలిస్టు పార్టీ 1879లో ఇక్కడే రహస్యంగా పుట్టింది. పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప ముక్క చవగ్గానే దొరుకుతుంది. క్యూ చూసి భయపడకండి, పది నిమిషాల్లో కదులుతుంది.

మాడ్రిడ్ నుంచి దక్షిణాన ఉన్న సెవిల్‌కి రైల్లో రెండున్నర గంటలు. నెల ముందు కొంటే మనిషికి 38 యూరోలు పడింది. స్టేషన్‌లో సామాన్లు స్కాన్ చేస్తారు, అరగంట ముందు వెళ్ళండి. అంతకు మించి చెప్పేదేం లేదు.

సెవిల్‌లో ఎల్ రింకోన్సీయో. 1670 నుంచి ఉన్న బారు. లోపలికెళ్ళగానే పైకప్పు నుంచి వరసగా వేలాడే పంది తొడలు. వదినగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "నేను పైకి చూడను, మీరు ఆర్డరివ్వండి" అన్నారు. మేడ మీద రెస్టారెంట్ ఉంది, మీరు మాత్రం కింద కౌంటర్ దగ్గరే నిలబడండి. అడిగింది ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్: పాలకూర, కాబూలీ శనగలు, జీలకర్ర, వెల్లుల్లి, నూనెలో వేయించి నూరిన రొట్టె. చిన్న మట్టి గిన్నెలో పొగలు కక్కుతూ వచ్చింది. వదినగారు ఒక చెంచా తిని ఆగి, చెల్లెలి వైపు తిరిగి "ఏమే, అమ్మ శనగల కూర కదూ ఇది" అన్నారు. మా ఆవిడ కళ్ళు మూసుకుని తింది. జీలకర్ర వాసన తగిలి ఎన్ని రోజులైందో మరి. ఒక గిన్నె రెండైంది, రెండు నాలుగయ్యాయి. తెల్ల ఏప్రన్ కట్టుకున్న పెద్దాయన ప్రతిసారీ కౌంటర్ చెక్క మీద సుద్దతో అంకె వేస్తూ, చివరికి గీత గీసి కూడాడు: 31.40. నాలుగు గిన్నెలు, వేయించిన కాడ్ రెండు, ఐదు గ్లాసులు. అన్నయ్య కూడా మనసులో కూడుకుని తలాడించారు. రూపాయల్లో ఎంతో చెప్పలేదు.

సెవిల్‌లో ఒక జాగ్రత్త. ఒకే వంట మూడు సైజుల్లో ఉంటుంది: తపా చిన్నది, మెదియా సగం ప్లేటు, రాసియోన్ పూర్తి ప్లేటు. మీరు సైజు చెప్పకపోతే కొన్నిచోట్ల పెద్దది తెచ్చి పెడతారు. "తపా" అని గట్టిగా చెప్పండి. ఒక బార్లో ఒకటో రెండో తిని ఇంకో బారుకి నడవడమే అక్కడి పద్ధతి, ఎవరూ ఏమీ అనుకోరు.

దక్షిణాన ఇంకో ఊరు గ్రనడాలో గ్లాసు కొంటే తినడానికి ఒకటి ఊరికే ఇస్తారు. గొప్పగా ఉంటుంది, కానీ ఏమివ్వాలో బారువాళ్ళ ఇష్టం. శాకాహారి అని గ్లాసు చెప్పేటప్పుడే చెప్పాలి. వదినగారికి వచ్చిన మొదటి రెండూ అన్నయ్యే తిన్నారు.

ఆగస్టులో వెళ్ళకండి. సెవిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మాడ్రిడ్‌లో పాత బార్లు చాలావరకు సెలవులకి తాళాలేసుకుంటాయి. మిగతా నెలల్లో కూడా సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా వంటగదులు చాలాచోట్ల మూసేస్తారు. మనకేమో ఏడింటికే ఆకలి. ఆ టైములో తెరిచి ఉండేవి ఫోటోల మెనూవాళ్ళవే, కాబట్టి సంచిలో చెగోడీలు పెట్టుకోండి.