పాత టేకు మంచమా, కొత్త పార్టికల్ బోర్డు మంచమా?

బెంగళూరులో 11 నెలల అగ్రిమెంటు మీద ఇల్లు తీసుకున్న ప్రతివాళ్లకీ ఈ తలనొప్పి తప్పదు.

ఖర్చు: కొత్తది, అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డుది, ఆన్‌లైన్‌లో చవగ్గానే కనిపిస్తుంది. పాతదానికి శివాజీనగర్‌లో పాత సామాన్ల కొట్లకి వెళ్లి బేరమాడాలి, పైగా టాటా ఏస్ కిరాయి, మూడో అంతస్తుకి మోత కూలి మనమీదే.

శ్రమ: కొత్తది వాళ్లే వచ్చి బిగిస్తారు. పాతదానికి శాండ్‌పేపర్, పాలిష్, ఒక ఆదివారం గోవిందా.

రిస్కు: పార్టికల్ బోర్డుకి నీళ్లు పడవు. రోజూ తడిగుడ్డ తగిలి మా మంచం కోళ్లు అడుగున బూరెల్లా ఉబ్బాయి, ఇల్లు మారేటప్పుడు విప్పి మళ్లీ బిగిస్తే మరలు పట్టే వదిలేశాయి. పాతదాంట్లో భయం పురుగూ నల్లులూ. తిరగేసి తట్టండి, సన్నటి పొడి రాలితే వద్దు.

ఏడాదిలో ఊరెళ్లిపోయేవాళ్లకి కొత్తదే నయం. ఇళ్లు మారుతూ ఇక్కడే ఉండేవాళ్లు టేకుదే తెచ్చుకోండి.