నవ్వు ఎవరి మీద? రెండు చైనా ప్రేమకథల్లో ఏది ముందు చూడాలి

చైనా ధారావాహికలు చూస్తానని తెలిసినవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏడుపులు, చావులు, జన్మజన్మల శాపాలు లేకుండా హాయిగా నవ్వుకోదగిన ప్రేమకథ ఒకటి చెప్పమంటారు. మొన్న దసరాకు వచ్చిన మా ఆడపడుచు కూడా, "వదినా, పగలంతా ఆఫీసులో తలనొప్పే, రాత్రి చూసేదైనా తేలిగ్గా ఉండాలి" అంటూ అదే అడిగింది. ఇలా అడిగినవారికి నేను రెండు పేర్లు చెబుతూ వచ్చాను. ఒకటి 2019లో వచ్చిన ‘పుట్ యువర్ హెడ్ ఆన్ మై షోల్డర్’, రెండవది 2020లో వచ్చిన ‘ది రొమాన్స్ ఆఫ్ టైగర్ అండ్ రోజ్’. వీటిలో ఏది ముందు చూడాలని ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం ఇంతవరకు నీళ్లు నములుతూ తప్పించుకున్నాను. ఈసారి రెండింటినీ వరుసగా మళ్లీ చూశాను కనుక తప్పించుకునే వీలు లేదు.

బయటి కొలతల్లో ఈ రెండూ ఒకే తూకం. రెండూ టెన్సెంట్ అనే చైనా వీడియో వేదిక మీద వచ్చినవే, రెండూ 24 ఎపిసోడ్లే, ఒక్కొక్కటి ముప్పావు గంట లెక్కన సుమారు 18 గంటల పని. వేల ఎపిసోడ్లు సాగే మన డైలీ సీరియళ్లకు అలవాటు పడినవారికి, ముగింపు ఎక్కడుందో ముందే తెలిసిన కథ చూడటమే సగం సుఖం. రెండూ చైనాలో ‘థియెన్ ఛోంగ్’ అని పిలిచే కోవకు చెందినవి. తీపి, గారాబం అన్న రెండు మాటలను కలిపిన పేరది. జంట దగ్గరైన ప్రతి సన్నివేశాన్నీ అక్కడి ప్రేక్షకులు ‘చక్కెర చల్లడం’ అంటారు. పెళ్లికాని వారు తమను తాము ‘ఒంటరి కుక్క’ అని వేళాకోళం చేసుకోవడం అక్కడి వాడుక కాబట్టి, ఆ జంట ముచ్చట్లను చూస్తూ కూర్చోవడాన్ని ‘కుక్క తిండి తినడం’ అని కూడా అంటారు. ఈ చక్కెర విషయంలో రెండూ ఏమాత్రం పిసినారితనం చూపవు.

మొదటిది కాలేజీ కథ. అకౌంటింగ్ చదువుతూ, ఆ తరువాత ఏం చేయాలో తేల్చుకోలేక అన్ని పనులలోనూ వేలు పెట్టి చూసే సితూ మో, భౌతిక శాస్త్రంలో మేధావి అయిన గు వెయ్‌యి అనుకోకుండా ఒకే ఇంట్లో ఉండవలసి వస్తుంది. ఈ పాత్రల్లో వరుసగా సింగ్ ఫే, లిన్ యీ నటించారు. ఇందులో విలన్ అనదగినవారు లేరు. పాత స్నేహితుడు ఫూ పెయ్ ఉన్నా అతడు కథను విషం చేయడు. ఒక వంటగది, ఒక సోఫా, ఒక లేబొరేటరీ, వాటి మధ్య ఇద్దరు మనుషులు ఒకరి అలవాట్లను మరొకరు నేర్చుకోవడమే కథ. ప్రేమ బయటపడ్డాక కూడా ఆ తేలికదనం చెడకపోవడం దీని గొప్పతనమని ఒప్పుకోవాలి, ఎందుకంటే ఈ కోవలో చాలా కథలు ప్రేమను ఒప్పుకున్న మరునాడే పెట్రోలు అయిపోయిన బండిలా ఆగిపోతాయి. లిన్ యీ ముఖంలో పెద్ద కదలిక ఉండదు. ఆ కదలని ముఖం పక్కన సింగ్ ఫే కంగారు పడుతూ ఉంటే ఇంగ్లీషు సబ్‌టైటిల్ చదవకుండానే నవ్వు వస్తుంది. భాష రానివారికి ఇది చిన్న లాభం కాదు.

అయితే ఈ రెండింటి మధ్య తేల్చేది, నా మట్టుకు, చక్కెర ఎంత ఉందన్నది కాదు. నవ్వు ఎవరి మీద పడుతోందన్నదే తేలుస్తుంది. కాలేజీ ప్రేమకథలలో ఒక స్థిరమైన ఏర్పాటు ఉంది: అబ్బాయి అందరికంటే తెలివైనవాడు, మితభాషి, చూపులకు చల్లని మనిషి, అమ్మాయి మంచిదే కాని తడబాటు మనిషి. ఆమె పొరపాటు చేస్తుంది, అతను చూస్తాడు, మనం నవ్వుతాం. 2017 నాటి ‘ఎ లవ్ సో బ్యూటిఫుల్’లో చెన్ షియావోషీ చదువులో వెనుకబడి, వెంటపడే పనిలో ముందుంటే, జియాంగ్ చెన్ క్లాసులో టాపర్. సితూ మో ఆమెకంటే ఎంతో నయం, ఆమెకు తనదైన ఆలోచన ఉంది. అయినా హాస్యం కావలసినప్పుడల్లా కథ ఆమె తడబాటునే అరువు తెచ్చుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ముద్దుగా తోచిన ఈ పద్ధతి, రెండోసారి చూసేటప్పుడు పదో ఎపిసోడ్ దాటాక నాకు కొంత విసుగు పుట్టించింది. ఆ అమ్మాయి ఒక్కసారైనా నవ్వించేది తానై, నవ్వుల పాలయ్యేది అతడై ఉంటే బాగుండునని అనిపించింది.

ఆ కోరిక తీర్చేది రెండవది. ఇందులో చెన్ షియావోచియెన్ ఒక స్క్రీన్‌ప్లే రచయిత్రి. ఆమె స్క్రిప్టులోని ప్రేమ నమ్మేలా లేదని నాయక పాత్రధారి తప్పు పడతాడు. ఆ కసితో రాత్రంతా కూర్చుని దిద్దుతూ నిద్రపోయిన ఆమె, కళ్లు తెరిచేసరికి తాను రాసిన కథలోనే ఉంటుంది. నాయికగా అయితే సరే. మూడో ఎపిసోడ్‌లో చచ్చిపోవలసిన దుష్టురాలైన మూడో రాకుమారి చెన్ చియెన్‌చియెన్‌గా మేలుకుంటుంది. తనకు విషం పెట్టబోయేవాడు హాన్ షువో అని ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆ సన్నివేశం రాసింది తానే. ఇక్కడ హాస్యమంతా ఆమెకున్న జ్ఞానం నుంచి పుడుతుంది. ప్రాణం దక్కించుకోవడానికి ఆమె వేసే ప్రతి ఎత్తూ కథను పక్కదారి పట్టిస్తుంది. ముందు ఏం జరుగుతుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి, తన చేష్టల వల్లే, ఏమీ తెలియని మనిషిగా మారిపోతుంది. తన కలం మీద తానే వేసుకున్న జోకు కాబట్టి ఆ నవ్వులో ఆమెకు చిన్నతనం లేదు.

హాన్ షువో వైపు హాస్యం మరీ బాగుంటుంది. అతడు ష్వాన్‌హు నగరపు యువ ప్రభువు. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బుకు మందైన డ్రాగన్ ఎముకను కాజేయడానికి పెళ్లి పేరుతో శత్రునగరానికి వస్తాడు. చియెన్‌చియెన్ ప్రాణభయంతో ఏదో ఒకటి చేస్తుంది. దాని అర్థం తెలియక అతడు ముఖం చిట్లిస్తాడు. అప్పుడు వెంట ఉన్న సేవకుడు బాయ్ జీ, ఎంతో లోతుగా ఆలోచించినవాడిలా, ఆమెకు తమరి మీద విపరీతమైన ప్రేమ అని తేల్చి చెబుతాడు. ఏ సంఘటన జరిగినా బాయ్ జీ తీర్పు అదే. మొదట కొట్టిపారేసిన యువ ప్రభువు నెమ్మదిగా ఆ మాటను నమ్మడం, నమ్మాక గొంతు సవరించుకుని నడక మార్చుకోవడం చూసి మా ఆడపడుచు టీ పొలమారి దగ్గింది. ఈ పాత్రలో డింగ్ యూషీ, చియెన్‌చియెన్‌గా జావో లూసి ఒకరికొకరు సరిపోయారు.

పైగా కథ జరిగే హువాయువాన్ నగరంలో పదవి, పెత్తనం ఆడవారివి. మగవారు ఇంటిపట్టున ఉండి పరువు కాపాడుకోవాలి, మంచి సంబంధం కోసం ఎదురుచూడాలి. జైమిని భారతంలోని ప్రమీల రాజ్యం కథ విన్న మనకు ఈ ఊహ కొత్త కాదు. కాకపోతే అశ్వమేధ గుర్రం వెంట వచ్చిన అర్జునుడు ప్రమీలను గెలవలేక, ఆమెను పెళ్లాడి తన దారిన వెళ్లాడు. ఇక్కడ హాన్ షువో ఆ ఊరి పద్ధతులకు తానే సర్దుకోవడం నేర్చుకోవాలి. పెళ్లిచూపులలో మన అమ్మాయిలు వినే మాటలు మగవాడి చెవిన పడినప్పుడు ఎలా ఉంటాయో చూపించడానికి ఈ కథ ఉపన్యాసం ఇవ్వదు, చోటు మార్చి వదిలేస్తుంది.

లోపాలు లేవని కాదు. చివరి మూడోవంతులో రెండు నగరాల మధ్య వైరం, అపార్థాలు, గుండె జబ్బు ముందుకు వచ్చి నవ్వును వెనక్కి నెడతాయి. ఏడుపు వద్దన్నవారికి ఆ భాగం మాట తప్పినట్టే ఉంటుంది. కోటలు, వీధులు నిన్ననే రంగు వేసిన నాటకం తెరల్లా కనిపిస్తాయి. అన్నిటికంటే నష్టం భాషలో ఉంది: రాకుమారి వేషంలో ఉన్న ఆమె నేటి మాండరిన్ వాడుక మాటలు మాట్లాడటం అసలు ప్రేక్షకులకు పెద్ద వినోదం కాగా, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో అందరి మాటా ఒకేలా చదును అయిపోతుంది.

మిగిలినవి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. 2016 నాటి ‘లవ్ ఓ2ఓ’లో నాయిక బెయ్ వెయ్‌వెయ్ కంప్యూటర్ సైన్స్‌లోనూ ఆన్‌లైన్ గేములోనూ దిట్ట, కాని ఇద్దరూ మచ్చలేనివారు కావడంతో నవ్వుకు చోటు తక్కువ. 2019 నాటి ‘గో గో స్క్విడ్’ 41 ఎపిసోడ్లు; నాయికగా వేసిన యాంగ్ జీ కోసం చూడవచ్చు. 2023 నాటి ‘హిడెన్ లవ్’ బాగున్నా మనకొక చిక్కుంది. అన్న స్నేహితుడిని ప్రేమించిన సాంగ్ జీ అతడిని ‘గెగె’ అని పిలుస్తుంది; వయసులో పెద్దవాడైన యువకుడిని చైనాలో అలా పిలవడం మామూలే. సబ్‌టైటిల్‌లో అది ‘బ్రదర్’ అయి, మన మనసులో ‘అన్నయ్య’ అయి కూర్చుంటే ఇక ఆ ప్రేమకథ గొంతు దిగదు. అదే ‘బావా’ అనుకుని చదువుకుంటే దిగుతుంది. నేను అలాగే పూర్తి చేశాను.

కాబట్టి, అలసిపోయిన రాత్రి ఒక ఎపిసోడ్ చూసి నిద్రపోవాలనుకునేవారికి, ఏ పూటా మనసు కలతపడకూడదనుకునేవారికి సితూ మో కథే క్షేమం. నవ్వు కోసమే వచ్చినవారికి మాత్రం నేను ఇకనుంచి చియెన్‌చియెన్‌నే ముందు చెబుతాను, చివరి భాగంలో ఓపిక పట్టమని ముందే హెచ్చరించి. మా ఆడపడుచుకు కూడా అదే పెట్టాను. పద్దెనిమిదో ఎపిసోడ్ దగ్గర "ఏడుపు లేదన్నావు కదా వదినా" అని ఫోన్ చేసి నిలదీసింది. మరునాటికి చివరిదాకా చూసి, బాయ్ జీ సన్నివేశాలు ఏయే ఎపిసోడ్లలో ఉన్నాయో రాసి పంపమంది.