ఫుల్ సర్వీస్ ఎయిర్‌లైనా, బడ్జెట్ ఎయిర్‌లైనా: ఉద్యోగానికి ఏది మేలు?

కొన్ని నెలలుగా నాకు వస్తున్న మెసేజుల్లో సగం ఇదే ప్రశ్న. "రెండు ఆఫర్లు ఉన్నాయి, ఒకటి పెద్ద ఫుల్ సర్వీస్ ఎయిర్‌లైన్, ఇంకోటి బడ్జెట్ ఎయిర్‌లైన్, ఎందులో చేరితే ఉద్యోగం నిలుస్తుంది?" ఫుల్ సర్వీస్ అంటే భోజనం, సామాను లాంటివి టికెట్‌లోనే కలిపి ఇచ్చేవి, బడ్జెట్ అంటే టికెట్ చవగ్గా ఇచ్చి మిగతావాటికి విడిగా డబ్బు తీసుకునేవి. అడిగేవాళ్ళలో కేబిన్ క్రూ ఉన్నారు, చెకిన్ కౌంటర్ వాళ్ళున్నారు, సేల్స్‌లో పదేళ్ళు గడిపినవాళ్ళూ ఉన్నారు. పోయినేడాది నేనే ఇలాంటి రెండు ఆఫర్లు ముందు పెట్టుకుని మూడు వారాలు తేల్చుకోలేకపోయాను. అందుకే ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబివ్వకుండా అంతా ఒకచోట రాస్తున్నాను. జీతాలు, షిఫ్టులు, స్టాఫ్ టికెట్ల సంగతి మీకు తెలిసిందే, వాటి జోలికి పోను.

ముందు నా కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయం అక్కడి నుంచే వచ్చింది. నేను ఒక ఫుల్ సర్వీస్ ఎయిర్‌లైన్‌లో కార్పొరేట్ సేల్స్‌లో పనిచేశాను. కంపెనీలతో ఏడాది ఒప్పందాలు కుదర్చడం, వాళ్ళ ఉద్యోగులు మా విమానాల్లోనే తిరిగేలా చూసుకోవడం నా పని. కోవిడ్ వచ్చిన 2020లో మా టీమ్‌లో ఎక్కువమందిని ఒకే వారంలో తీసేశారు, వాళ్ళలో నేనొకణ్ణి. అదే కంపెనీ హ్యాంగర్‌లో మెయింటెనెన్స్ చూసే నా స్నేహితుణ్ణి మాత్రం ఉంచారు. ఎగరకుండా నిలబెట్టిన విమానాన్ని కూడా వదిలేయలేరు కదా, ఇంజిన్లకు కవర్లు వెయ్యాలి, చక్రాలు అప్పుడప్పుడు తిప్పాలి, గడువు ప్రకారం చెకింగులు చేసి రికార్డు రాయాలి. ఇద్దరం ఒకే రోజు చేరాం, ఒకే యూనిఫాం బ్యాడ్జీ. వాడి పని మిగిలింది, నాది పోయింది. అప్పటినుంచి ఎవరైనా "ఏ ఎయిర్‌లైన్?" అని అడిగితే నేను "ఏ కుర్చీ?" అని తిరిగి అడుగుతున్నాను.

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద విషయం ఒక్కటే: మీ జీతం ఎవరి ప్రయాణం మీద నడుస్తోంది, ఆ ప్రయాణం రేపు ఎందుకు ఆగిపోవచ్చు?

ఆఫీసు పని మీద తిరిగేవాళ్ళు విమానంలో తక్కువమందే ఉంటారు, కానీ వాళ్ళు టికెట్ ఆఖరి రోజుల్లో కొంటారు, మార్చుకోవడానికి వీలున్న ఖరీదైన టికెట్ కొంటారు, దూర ప్రయాణమైతే ముందు కేబిన్‌లో, అంటే బిజినెస్ క్లాసులో కూర్చుంటారు. ఫుల్ సర్వీస్ ఎయిర్‌లైన్‌లో చాలా రూట్లు ఈ డబ్బు మీదే వేస్తారు. పొద్దున్నే ఒక ఫ్లైట్, సాయంత్రం ఒక ఫ్లైట్ ఎందుకుంటాయంటే, వెళ్ళి మీటింగ్ చూసుకుని రాత్రికి ఇంటికి చేరేవాళ్ళ కోసం. ఆ కొద్దిమంది మానేస్తే వెనక సీట్లన్నీ నిండినా రూట్ గిట్టుబాటు కాదు. రూట్ పోతే క్రూ, కౌంటర్, సేల్స్ అన్నీ దానితోపాటే పోతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఆ ప్రయాణాలు నిజంగా పోయాయా? 2019 డిసెంబర్‌లో జూమ్ మీటింగుల్లో రోజుకు పాల్గొన్నవాళ్ళు కోటి మంది, 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్లు. ఆ ఏడాది నవంబర్‌లో బిల్ గేట్స్ బిజినెస్ ప్రయాణాల్లో సగానికి పైగా పోతాయని అన్నారు. అది చదివినప్పుడు నా రంగం ఇక లేదనే అనుకున్నాను. అలా జరగలేదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా బిజినెస్ ప్రయాణాల ఖర్చు సుమారు 1.43 లక్షల కోట్ల డాలర్లని ఆ రంగం వాళ్ళ సంఘం జీబీటీఏ లెక్క వేసింది, 2024 నాటికి డాలర్లలో ఆ అంకె దాటేసింది. కానీ ఈలోగా పెరిగిన ధరలు తీసేసి చూస్తే మాత్రం ఇంకా పాత స్థాయికి రాలేదు. అంటే ఖర్చు తిరిగొచ్చినంతగా ప్రయాణాలు రాలేదు.

ఏవి రాలేదు అన్నది నేను సేల్స్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి కొంత చెప్పగలను. ఒక కంపెనీలోని మనుషులు అదే కంపెనీలోని ఇంకో బ్రాంచి మనుషుల్ని కలవడానికి చేసే ప్రయాణాలు, నెలవారీ రివ్యూలు, ఒక రోజు ట్రైనింగులు, వీటికి వీడియో కాల్ సరిపోతుందని అందరికీ తెలిసిపోయింది, ఇక పెద్దగా రావు. కస్టమర్‌ని గెలుచుకోవడానికి వెళ్ళేవి, పాడైన మెషీన్ బాగుచెయ్యడానికి వెళ్ళేవి, సైట్ చూడడానికి వెళ్ళేవి, ఎగ్జిబిషన్లకు వెళ్ళేవి నిలిచాయి. మీ పోటీదారు వెళ్ళి ఎదురుగా కూర్చుంటుంటే మీరు స్క్రీన్ మీద కనపడి ఆర్డర్ తెచ్చుకోవడం కష్టం, ఆ భయం ఒక్కటే చాలామందిని మళ్ళీ విమానం ఎక్కించింది. పైగా ఇంటినుంచి పనిచేసేవాళ్ళు ఎక్కువైన కంపెనీలు ఏడాదికి రెండుమూడు సార్లు అందరినీ ఒకచోటికి రప్పిస్తున్నాయి, ఇది ఇంతకుముందు ఇంతగా లేని ప్రయాణం.

ఇది దృష్టిలో పెట్టుకుని ఫుల్ సర్వీస్ వైపు చూడండి. 2020లో దెబ్బ ఘోరంగా తగిలింది వీటికే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏప్రిల్‌లో 12,000 దాకా ఉద్యోగాలు పోవచ్చని చెప్పింది, జర్మనీకి చెందిన లుఫ్తాన్సా జూన్‌లో 22,000 పోస్టులు అవసరానికి మించి ఉన్నాయంది, హాంకాంగ్‌కి చెందిన కేథే పసిఫిక్ అక్టోబర్‌లో 8,500 పోస్టులు తీసేసి తన అనుబంధ ఎయిర్‌లైన్ కేథే డ్రాగన్‌ని పూర్తిగా మూసేసింది. అమెరికాలో జీతాల కోసం ప్రభుత్వం ఇచ్చిన సాయం సెప్టెంబర్ 30తో అయిపోగానే, మర్నాడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ 19,000 మందిని, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ దాదాపు 13,000 మందిని ఫర్లోకి, అంటే జీతం లేని తాత్కాలిక సెలవు మీద పంపాయి. కానీ ఆ తర్వాతి సంగతి కూడా చూడాలి. డిసెంబర్‌లో మళ్ళీ సాయం రాగానే వాళ్ళని వెనక్కి పిలిచారు. లుఫ్తాన్సాకి జర్మనీ ప్రభుత్వం 900 కోట్ల యూరోల ప్యాకేజీ ఇచ్చింది. దేశం పేరు మోసే ఎయిర్‌లైన్‌ని ప్రభుత్వాలు అంత తేలిగ్గా మునగనివ్వవు. ఖాళీ అయిన ముందు కేబిన్ సీట్లలోకి సొంత డబ్బుతో, విహారానికి వెళ్ళేవాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఇది నేను ఊహించలేదు. అందుకని రూట్లు చాలావరకు నిలబడ్డాయి.

తీసేసినవాళ్ళ అవసరం ఎంతో 2022లో తెలిసొచ్చింది. ప్రయాణికులు ఒక్కసారిగా వచ్చారు, సామాన్లు ఎత్తేవాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు లేరు. ఆ జూలైలో లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టు రోజుకి లక్ష మందికి మించి బయల్దేరకూడదని పరిమితి పెట్టాల్సి వచ్చింది. నా మనసుకి ఇంకా దగ్గరి ఉదాహరణ అమెరికన్ ఎయిర్‌లైన్స్. కార్పొరేట్ సేల్స్ టీమ్‌ని తగ్గించి, కంపెనీలు ట్రావెల్ ఏజెంట్ల ద్వారా కాకుండా నేరుగా కొనుక్కోవాలని పట్టుబట్టింది, కంపెనీలు వేరే ఎయిర్‌లైన్లకి వెళ్ళిపోయాయి. 2024లో ఆ విధానం వల్ల ఆదాయానికి సుమారు 150 కోట్ల డాలర్ల నష్టమని వాళ్ళే చెప్పి వెనక్కి తగ్గారు. బిజినెస్ ప్రయాణం చచ్చిపోయిందనే మాటకి ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలీదు. అయితే ఆ జవాబు తేలేసరికి ఉద్యోగాలు పోయినవాళ్ళు పోయారు, అది వేరే బాధ.

ఇక బడ్జెట్ ఎయిర్‌లైన్లు. వీటి బలం ఏమిటంటే ఆఫీసు ప్రయాణాల మీద పెద్దగా ఆధారపడవు. చుట్టాల్ని చూడ్డానికి, పెళ్ళిళ్ళకి, సెలవులకి వెళ్ళేవాళ్ళకి వీడియో కాల్ సరిపోదు, అందుకే 2020 తర్వాత దగ్గరి రూట్లలో ఇవే ముందు లేచి నిలబడ్డాయి. ఈ ఒక్క కారణానికే నేను కూడా మొదట అటే మొగ్గాను. కానీ వీటికి టికెట్ మీద మిగిలేది చాలా తక్కువ, ఇంధనం గానీ ఇంజిన్లు గానీ కాస్త ఇబ్బంది పెడితే ఓర్చుకునే శక్తి ఉండదు. బ్రిటన్‌లో ఫ్లైబీ 2020 మార్చిలో ఆగిపోయింది, మళ్ళీ మొదలై 2023 జనవరిలో ఇంకోసారి ఆగిపోయింది. ఇంజిన్లు అందక విమానాలు నేలమీద నిలిచిపోతున్నాయని చెప్పి మన దేశంలో గో ఫస్ట్ 2023 మేలో ఆగింది. అమెరికాలో స్పిరిట్ 2024 నవంబర్‌లో ఒకసారి, 2025 ఆగస్టులో రెండోసారి దివాలా రక్షణకి వెళ్ళింది, మధ్యలో వందలమంది పైలట్లు ఫర్లోలోకి వెళ్ళారు. లేఆఫ్ అన్న మాటే ఎరగని సౌత్‌వెస్ట్ కూడా 2025 ఫిబ్రవరిలో తన చరిత్రలో మొదటిసారిగా 1,750 ఆఫీసు ఉద్యోగాలు తీసేసింది.

ఫర్లో వేరు, మూత వేరు. పెద్ద ఎయిర్‌లైన్ ఫర్లోకి పంపితే చాలాచోట్ల మీ సీనియారిటీ నంబరు, అంటే చేరిన వరసలో మీ స్థానం, అలాగే ఉంటుంది, పిలిచినప్పుడు మళ్ళీ అక్కడి నుంచే మొదలు. కంపెనీ మూతపడితే ఆ నంబరుకు విలువ ఉండదు, పదిహేనేళ్ళ పైలట్ అయినా ఇంకోచోట లైను చివర నిలబడాలి. ఫుల్ సర్వీస్‌లో మూతలు లేవని కాదు, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది, అలిటాలియా 2021 అక్టోబర్‌లో ముగిసింది. అయినా నాకు ఒకవైపు మొగ్గమంటే ఫుల్ సర్వీస్ వైపే మొగ్గుతాను, కానీ ఆఫీసు కుర్చీకి కాదు, విమానానికి దగ్గరగా ఉండే పనికి. లుఫ్తాన్సా 2025 సెప్టెంబర్‌లో 2030 నాటికి 4,000 ఉద్యోగాలు తగ్గిస్తామని చెప్పింది, అందులో ఎక్కువ భాగం అడ్మిన్ పనులే, డిజిటల్ పద్ధతులూ ఏఐ వల్ల ఆ పనులు తగ్గుతాయంటోంది. ఈసారి కోత ప్రయాణికులు లేక వచ్చింది కాదు. విమానాలు నిండుగా ఎగురుతుండగానే ఆఫీసులు ఖాళీ అవుతున్నాయి, మీరు గమనించాల్సింది ఇది.

నా రెండు ఆఫర్లు ఏమిటంటే, ఒకటి బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో గ్రూప్ సేల్స్, జీతం బాగా ఎక్కువ. రెండోది ఫుల్ సర్వీస్‌లో మెయింటెనెన్స్ ప్లానింగ్, ఏ విమానం ఏ రోజు హ్యాంగర్‌కి రావాలో షెడ్యూల్ వేసే పని, జీతం తక్కువ, నాకంటే చిన్నవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. రెండోది తీసుకున్నాను. కొత్త విమానాలు ఆలస్యమవుతున్నాయి, పాతవాటిని ఇంకా నడుపుతున్నారు, పాత విమానానికి హ్యాంగర్ పని ఎక్కువ. ముందు సీట్లో మేనేజర్ కూర్చున్నా, సెలవులకి వెళ్ళే కుటుంబం కూర్చున్నా, ఆ చెకింగ్ తప్పదు. ఇంట్లో మొదట ఒప్పుకోలేదు, ఇప్పటికీ జీతం పడిన రోజు కాస్త చివుక్కుమంటుంది, కానీ ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ మాత్రం లేదు.

అందరికీ నా దారే సరిపోదు. కొత్త పైలట్ అయితే బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో విమానం నడిపిన గంటలు త్వరగా పోగవుతాయి, కెప్టెన్ కావడం కూడా త్వరగా జరగొచ్చు, మొదటి నాలుగైదేళ్ళకి అది మంచి ఎంపికే. కేబిన్ క్రూకి రాత్రికి ఇంటికి రావడం ముఖ్యమైతే అక్కడే ఎక్కువ వీలు. సేల్స్ వాళ్ళు మాత్రం రెండుచోట్లా జాగ్రత్త, మీరు టికెట్లు అమ్మే కంపెనీల్లో ఎన్ని తమ కస్టమర్ల దగ్గరికి తిరుగుతున్నాయో, ఎన్ని సొంత బ్రాంచీల మధ్య తిరుగుతున్నాయో ఒకసారి కాగితం మీద రాసుకోండి.

కార్గో ఎయిర్‌లైన్లు కూడా కొందరు అడిగారు. 2020లో ప్రయాణికుల విమానాలు ఆగి సరుకు చోటు కరువైనప్పుడు బాగా నడిచాయి, ఆ విమానాలు తిరిగి ఎగిరేసరికి మామూలైపోయాయి. ప్రైవేట్ జెట్లు చిన్న రంగం, పరిచయాలుంటే చూడండి. ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టర్ కింద పని చివరి ఎంపికగానే పెట్టుకోండి. ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటస్ 2020లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ (సామాన్లు ఎత్తడం లాంటి నేలమీది) పనిని బయటివాళ్ళకిచ్చి 1,700 మందికి పైగా తీసేసింది. అది చట్టవిరుద్ధమని అక్కడి అత్యున్నత న్యాయస్థానం హైకోర్టు తేల్చేసరికి 2023 సెప్టెంబర్ వచ్చింది.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక సంతకానికి ముందు మూడు విషయాలు అడగండి. ఫర్లోకి పంపితే వెనక్కి పిలిచే హక్కు రాతలో ఉందా, ఎన్నేళ్ళు? కోత వస్తే సీనియారిటీ ప్రకారమా, మేనేజర్ ఇష్టమా? 2020లో ఇదే డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది పోయారు, వాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారు? మూడోదానికి హెచ్‌ఆర్ జవాబు చెప్పకపోతే అక్కడ పదేళ్ళుగా ఉన్నవాళ్ళని అడగండి, వాళ్ళకి పేర్లతో సహా గుర్తుంటుంది.